ఒకే బీరువా, నాలుగు కార్డులు

మైక్రోసాఫ్ట్ వాళ్ల అజ్యూర్ క్లౌడ్ పోర్టల్ తెరిచి, ఒక్కటంటే ఒక్క వర్చువల్ మెషీన్, అంటే అద్దె కంప్యూటర్, కావాలని అడిగి చూడండర్రా. కాసేపట్లో వచ్చేస్తుంది. వచ్చాక లిస్టు చూసుకుంటే, మీరు అడిగింది ఒకటైతే అక్కడ కూర్చున్నవి అరడజను. మెషీన్, దాని డిస్కు, దాన్ని నెట్‌వర్క్‌కి తగిలించే కార్డు, ఆ నెట్‌వర్కు, బయటివాళ్లు చేరుకోవడానికి ఐపీ అడ్రస్, ఎవర్ని రానివ్వాలో ఎవర్ని గుమ్మంలోనే ఆపాలో చెప్పే నియమాల చిట్టా. ఒక్కోదానికీ సొంత పేరుంది, సొంత పేజీ ఉంది. కొన్నిటికి మీటరు కూడా విడిగా తిరుగుతుంది. క్లౌడ్ వాళ్ల మాటల్లో ఇవన్నీ రిసోర్సులు.

"మరి ఆ మెషీన్ తీసేస్తే మిగతావి కూడా పోవా తాతయ్యా?" అంటారు. పోవచ్చు, పోకపోవచ్చు. అమెజాన్ క్లౌడ్‌లో మెషీన్‌తో పాటు పుట్టిన మొదటి డిస్కు మామూలుగా దానితోనే పోతుంది. తర్వాత మనం విడిగా తగిలించిన డిస్కులు మాత్రం, పొమ్మని ముందే చెప్పి ఉంచకపోతే, అక్కడే ఉండిపోతాయి. వాటిలో ఎవరూ ఏమీ రాయరు, ఎవరూ ఏమీ చదవరు. అయినా ఎన్ని జీబీలు కేటాయించారో అన్ని జీబీలకీ నెలనెలా అద్దె పడుతూనే ఉంటుంది. ఐపీ అడ్రసుల సంగతీ అంతే. 2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్ ఒక్కో పబ్లిక్ ఐపీవీ4 అడ్రసుకి గంటకి 0.005 డాలర్ల చొప్పున వసూలు చేస్తోంది, వాడుకున్నా సరే, ఊరికే పడి ఉన్నా సరే. గంటకి అర సెంటే కదా అనకండి. నెల తిరిగేసరికి అది మూడున్నర డాలర్లు దాటుతుంది. అలాంటివి పది మర్చిపోతే లెక్క మీరే కట్టుకోండి.

ఇప్పుడు కాకినాడలో పచ్చళ్ల కొట్టున్న ఒకాయన ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టాడనుకుందాం. ఆర్డర్లు తీసుకోవడానికి రెండు మెషీన్లు, కొనేవాళ్ల పేర్లూ చిరునామాలూ దాచే డేటాబేసు, జాడీల ఫోటోలు పెట్టుకునే స్టోరేజీ, రోజూ తీసే బ్యాకప్పులు. ఇదంతా అసలు కొట్టు. కుర్రాళ్లు కొత్త మార్పులు చేసి చూసుకోవడానికి ఇదే సరంజామా ఇంకో జత, అది టెస్టింగ్ కొట్టు. సంక్రాంతికి ఒక ప్రత్యేక అమ్మకమని ఇంకొన్ని. రెండేళ్లు తిరిగేసరికి లిస్టు నిండా వందల పేర్లు. అందులో 'డిస్క్-2-కొత్తది-ఫైనల్' అని ఒకటుంటుంది. ఎప్పుడూ ఉంటుంది. అది ఎవరిది? తీసేస్తే ఏది ఆగిపోతుంది? పెట్టిన కుర్రాడు ఉద్యోగం మారిపోయాడు. తెలియదు గనక ఎవరూ దాన్ని ముట్టుకోరు, ముట్టుకోరు గనక అది పెన్షనర్‌లా నెలనెలా తన డబ్బు తను తీసుకుంటూ ఉంటుంది. (ఆ మాట అనే అర్హత నాకుందిలెండి.)

ఈ చిక్కు మొదట్లో లేదు. అమెజాన్ 2006లో స్టోరేజీ సేవనీ, అద్దె మెషీన్లనీ మొదలుపెట్టినప్పుడు వాటిని వాడినవాళ్లు ప్రోగ్రాములు రాసేవాళ్లే. ఏది ఎక్కడుందో వాళ్ల ప్రోగ్రాముకి తెలుసు. 2009లో బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ కన్సోల్ వచ్చింది. మౌసు పట్టుకోవడం వచ్చిన ప్రతివాడూ మెషీన్లు పుట్టించడం మొదలుపెట్టాడు. పుట్టించడం తేలికైతే గుర్తుపెట్టుకోవడం కష్టమవుతుంది కదా. 2010లో అమెజాన్ మెషీన్లకి ట్యాగులు తగిలించే వీలు కల్పించింది. ట్యాగంటే రెండు ముక్కల చీటీ. మొదటి ముక్క ఏం అడుగుతున్నామో చెబుతుంది, రెండోది జవాబు. 'విభాగం' అన్నది మొదటి ముక్కయితే 'టెస్టింగ్' రెండోది. మొదటి ముక్కని కీ అంటారు, రెండోదాన్ని వాల్యూ అంటారు. మొదట్లో వస్తువుకి పది చీటీలే, తర్వాత 50 దాకా పెంచారు.

ఇక అసలు ముచ్చట 2014లో. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది ఏప్రిల్‌లో కొత్త అజ్యూర్ పోర్టల్ నమూనా చూపించి, అందులో 'రిసోర్స్ గ్రూప్' అన్నదాన్ని పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో అమెజాన్ కూడా తన కన్సోల్‌లో 'రిసోర్స్ గ్రూప్స్' అని పెట్టింది. పేరు ఒకటే. ఇంగ్లీషు స్పెల్లింగు కూడా ఒకటే. లోపల ఉన్న ఆలోచనలు మాత్రం ఒకటి తూర్పు, ఒకటి పడమర. ఇది తెలియక ఒక క్లౌడ్‌లో పనిచేసినవాడు ఇంకో క్లౌడ్‌కి వెళ్లి అదే చేత్తో డిలీట్ నొక్కితే ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను. దానికి ముందు మిమ్మల్ని ఒక్కసారి గ్రంథాలయానికి తీసుకెళ్లాలి.

మా రోజుల్లో గ్రంథాలయంలో అడుగుపెట్టగానే చెక్క సొరుగుల పెట్టె ఒకటి ఎదురయ్యేది. సొరుగు లాగితే వరసగా కార్డులు. గోదావరి జిల్లాల్లో వరి తెగుళ్ల మీద ఒక పుస్తకం ఉందనుకోండి. పుస్తకానికి ఒంట్లో ప్రాణం ఒకటే గనక అది ఒకే బీరువాలో, ఒకే అరలో ఉండాలి. వ్యవసాయం బీరువాలోనా? జిల్లాల చరిత్ర బీరువాలోనా? మొక్కల జబ్బుల బీరువాలోనా? ఎక్కడో ఒకచోట పెట్టక తప్పదు. కార్డులు మాత్రం నాలుగు రాసుకోవచ్చు: రచయిత పేరున ఒకటి, పుస్తకం పేరున ఒకటి, వరి కింద ఒకటి, గోదావరి కింద ఒకటి. కార్డు చింపేసినంత మాత్రాన పుస్తకానికేమీ కాదు. బీరువాకి నిప్పంటుకుంటే మాత్రం కార్డులెన్ని ఉన్నా పుస్తకం లేదు.

పుస్తకానికి ఒకే నంబరు ఇచ్చి ఒకే చోట నిలబెట్టే పద్ధతుల్లో పేరుమోసింది అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో అచ్చువేసినది. మన మద్రాసులో షియాళి రామామృత రంగనాథన్ గారని ఒక లెక్కల మేష్టారు ఉండేవారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. చదువుకోవడానికి లండన్ వెళ్లినప్పుడు అక్కడి దుకాణంలో మెకానో ఆటసామాను చూశారు. అవే రేకు ముక్కలు, అవే మరలు, కలిపి బిగించే తీరు మారితే ఒకసారి క్రేను, ఇంకోసారి వంతెన. పుస్తకం విషయాన్ని కూడా ముక్కలు చేసి మరలతో బిగించవచ్చని ఆయనకి తట్టింది. ఏ వస్తువు గురించి, ఏ పదార్థం, అక్కడ జరిగే పనేమిటి, ఏ చోట, ఏ కాలంలో అని ఐదు ముఖాలు చేశారు. 1933లో వచ్చిన ఆ పద్ధతిని కోలన్ వర్గీకరణ అంటారు, ముక్కల మధ్య కోలన్ గుర్తు పెట్టారు గనక. మన ట్యాగుల్ని కాగితం మీద రాసేటప్పుడు కీకీ వాల్యూకీ మధ్య చాలామంది పెట్టేది కూడా కోలనే. అమెజాన్ ఇంజనీర్లు రంగనాథన్ గారిని చదివారని నేననడం లేదు. ఒక వస్తువుని ఒకే పేరు కింద అణిచిపెట్టకుండా దాని ముఖాలన్నిటినీ విడివిడిగా రాసుకోవాలన్న ఆలోచన మాత్రం ఆయన చాలా ముందే చేశారు.

ఇక మళ్లీ క్లౌడ్‌కి వద్దాం. అజ్యూర్ గ్రూపు బీరువా. ప్రతి రిసోర్సూ ఏదో ఒక గ్రూపులో ఉండి తీరాలి, ఒకే గ్రూపులో ఉండాలి. గ్రూపులో గ్రూపు పెట్టడం కుదరదు. అందుకే కొత్త మెషీన్ అడగ్గానే పోర్టల్ మొదట వేసే ప్రశ్నల్లో ఒకటి: ఏ గ్రూపులో పెట్టమంటావ్? లేకపోతే ఇప్పుడే కొత్తది చేయి అంటుంది. పచ్చళ్లాయన అసలు కొట్టుకి ఒక గ్రూపు, టెస్టింగ్‌కి ఒకటి, సంక్రాంతి అమ్మకానికి ఒకటి చేసుకున్నాడనుకోండి, పండగ వెళ్లాక సంక్రాంతి గ్రూపుని డిలీట్ చేస్తే చాలు. మెషీన్, డిస్కు, నెట్‌వర్క్ కార్డు, ఐపీ అడ్రస్ అన్నీ ఒక్క వేటుకి పోతాయి. ఏ డిస్కూ అనాథగా మిగలదు. నా మటుకు నాకు, గ్రూపుల వల్ల వచ్చిన అన్నిటికన్నా పెద్ద ఉపయోగం ఇదే. కలిసి పుట్టి కలిసి పోవలసినవాటిని ఒక గ్రూపులో పెట్టమని మైక్రోసాఫ్ట్ వాళ్లు చెప్పేది కూడా అందుకే.

ఒక్క వేటుకి పోతాయన్నదే భయం కూడా. అందుకని డిలీట్ నొక్కగానే పోర్టల్ ఆ గ్రూపు పేరు మన చేత పూర్తిగా టైపు చేయిస్తుంది. 'సరే' అన్న బటన్ నిద్రమత్తులో కూడా నొక్కేస్తాం గానీ, పేరు అక్షరం అక్షరం కొట్టేటప్పుడు కాస్త మెలకువ వస్తుంది. ఇంకాస్త భద్రం కావాలంటే తాళాలున్నాయి. ఒకటి డిలీట్ తాళం: మార్పులు చేసుకో, తీసేయడం మాత్రం కుదరదు. రెండోది చదువుకోవడానికి మాత్రమే అనే తాళం: చూడు, ముట్టుకోకు. వినడానికి ఈ రెండోది మహా భద్రంగా ఉంటుంది కదా? వేసి చూడండి. గ్రూపులో మెషీన్ ఉంటే దాన్ని ఆన్ చేయడం కూడా కుదరదు. ఆన్ చేయడం కూడా దానికి ఒక మార్పే మరి. స్టోరేజీ తాళంచెవుల జాబితా చూద్దామన్నా చూపించదు, ఆ చూపించడం లోపల్లోపల చదవడంగా కాక పనిగా లెక్కవుతుంది గనక. ఇంకో సంగతి చాలామంది గమనించరు: డేటాబేసుకి డిలీట్ తాళం వేస్తే ఆ డేటాబేసుని ఎవరూ తీసేయలేరు, నిజమే. దాని లోపలికి వెళ్లి ఆర్డర్ల పట్టికని ఊడ్చిపారేస్తే మాత్రం తాళం కిమ్మనదు. తాళం పైపైన నిర్వహణ పనులకే, లోపలి సరుకుకి కాదు.

ఇప్పుడు అమెజాన్ వైపు రండి. ఇక్కడ గ్రూపు కార్డు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, అది మనం వేసి దాచుకున్న ఒక ప్రశ్న. కన్సోల్‌లో రిసోర్స్ గ్రూప్స్ పేజీకి వెళ్లి 'కొత్త గ్రూపు' అంటే, ఏయే రకాల రిసోర్సులు చూడాలి, ఏ ట్యాగ్ ఉండాలి అని అడుగుతుంది. 'విభాగం' అన్న కీకి 'టెస్టింగ్' అన్న వాల్యూ ఉన్నవన్నీ అని చెప్పి, ముందుగా జాబితా చూసుకుని, పేరు పెట్టి భద్రం చేస్తాం. అంతే. అందులో మనం ఏ వస్తువునీ పెట్టలేదు. రేపు ఎవరో అదే చీటీతో కొత్త డిస్కు పుట్టిస్తే అది పిలవకుండానే వచ్చి జాబితాలో కూర్చుంటుంది. చీటీ పీకేస్తే మాయమవుతుంది. ఒకే డిస్కు మూడు ప్రశ్నలకి జవాబైతే మూడు గ్రూపుల్లోనూ కనిపిస్తుంది. ఒకే కీకి రెండు వాల్యూలు ఇస్తే అదైనా సరే ఇదైనా సరే అని అర్థం. రెండు వేర్వేరు కీలు ఇస్తే రెండూ ఉండాలి అని అర్థం. ఇక గ్రూపుని డిలీట్ చేస్తే? ప్రశ్న పోతుంది, సరుకు ఉన్నచోటే ఉంటుంది, బిల్లు కూడా ఉన్నచోటే ఉంటుంది.

చూశారా మరి? అమెజాన్‌కి అలవాటుపడ్డవాడు అజ్యూర్‌కి వెళ్లి "గ్రూపు పేరే కదా, తీసేసి మళ్లీ చేద్దాం" అనుకుంటే కొట్టు మూతపడుతుంది. అజ్యూర్‌కి అలవాటుపడ్డవాడు అమెజాన్‌కి వెళ్లి గ్రూపు డిలీట్ చేసి "హమ్మయ్య, శుభ్రమైపోయింది" అనుకుంటే నెలాఖరున బిల్లు వస్తుంది. అయితే అమెజాన్‌లోనూ బీరువా లాంటిది లేకపోలేదు. క్లౌడ్‌ఫార్మేషన్ అని ఒకటుంది. కావలసిన సామానంతా ఒక ఫైలులో రాసిస్తే మొత్తం ఒక 'స్టాక్'గా పుట్టిస్తుంది. ఆ స్టాక్‌ని డిలీట్ చేస్తే, ఫలానాది ఉంచమని ఫైల్లో రాయనివన్నీ వెళ్లిపోతాయి. పేరు మారినా గుణం బీరువాదే.

గూగుల్ క్లౌడ్ గురించి రెండు ముక్కలు. అక్కడ బీరువాని ప్రాజెక్ట్ అంటారు. ప్రాజెక్టుల పైన ఫోల్డర్లు, ఫోల్డర్లలో ఫోల్డర్లు, అన్నిటి పైన సంస్థ. ఉమ్మడి కుటుంబం వంశవృక్షంలా ఉంటుంది. ప్రాజెక్ట్ డిలీట్ చేస్తే 30 రోజుల గడువు ఉంటుంది, ఆలోగా మనసు మార్చుకుని ప్రాజెక్టుని వెనక్కి రప్పించుకోవచ్చు. అన్నిట్లోకీ దయగల పద్ధతి ఇదేనని నాకనిపిస్తుంది.

కార్డుల పద్ధతి బాగుందనుకుంటే దానికో బలహీనత ఉంది. ప్రశ్నకి అక్షరాలు తప్ప ఇంకేం తెలియవు. అమెజాన్‌లో ట్యాగు ఇంగ్లీషులో రాసేటప్పుడు 'ప్రాజెక్ట్' అన్న మాట మొదటి అక్షరం పెద్దబడిలో రాస్తే ఒక కీ, చిన్నబడిలో రాస్తే ఇంకో కీ. మన లిపికి పెద్దబడీ చిన్నబడీ లేవు గనక ఈ గొడవ మనకి కాస్త వింతగానే ఉంటుంది. ఒక కుర్రాడు 'టెస్ట్' అని, ఇంకొకడు 'టెస్టింగ్' అని, మూడోవాడు ఆఖర్న ఒక ఖాళీ వదిలి రాస్తే, మనిషి కంటికి మూడూ ఒకటే, కన్సోల్‌కి మాత్రం మూడు వేర్వేరు ఊళ్లు. అజ్యూర్ కీ విషయంలో పెద్దబడి చిన్నబడి పట్టించుకోదు, వాల్యూ విషయంలో పట్టించుకుంటుంది. గూగుల్ వాళ్లు తమ లేబుళ్లలో ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలే వద్దనేశారు, ఆ పేచీ తీరిపోయింది. పెద్ద కంపెనీలు దీనికి మనుషుల్ని నమ్ముకోవు. అజ్యూర్‌లో పాలసీ అని ఒక కాపలాదారుణ్ణి పెడితే, చీటీ లేకుండా ఏదైనా పుట్టించబోతే "రాసుకురా పో" అని వెనక్కి పంపుతాడు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది: అజ్యూర్‌లో గ్రూపుకి ట్యాగ్ కడితే లోపల ఉన్నవాటికి దానంతటది అంటుకోదు. బీరువా తలుపు మీద రాసింది పుస్తకం మీదకి రాదు కదా. అంటుకోవాలంటే మళ్లీ ఆ పాలసీతోనే చెప్పించాలి.

ఇన్ని తంటాలు ఎందుకంటే, బిల్లు కోసం. టెస్టింగ్‌కి ఎంతయింది, పండగ అమ్మకానికి ఎంతయింది అని పచ్చళ్లాయన అడిగితే జవాబు చెప్పేవి ఈ చీటీలే. అమెజాన్‌లో చీటీ కట్టగానే లెక్క వచ్చేయదు. బిల్లింగ్ పేజీకి వెళ్లి ఈ కీని ఖర్చుల లెక్కలోకి తీసుకోమని విడిగా చెప్పాలి. చెప్పాక కూడా అది అక్కడ పనిచేయడం మొదలవడానికి 24 గంటల దాకా పట్టవచ్చు.

అనుమతుల సంగతి ఇంకా సున్నితం. అజ్యూర్‌లో టెస్టింగ్ గ్రూపు మీద ఒక కుర్రాడికి అధికారం ఇస్తే, లోపల ఉన్నవాటన్నిటి మీదా, రేపు రాబోయేవాటి మీదా వాడికి అధికారం ఉన్నట్టే. అసలు కొట్టు గ్రూపు మీద ఇవ్వకపోతే అటు చెయ్యి పెట్టలేడు. అమెజాన్‌లో ట్యాగ్ చూసి అధికారం ఇవ్వవచ్చు: 'టెస్టింగ్' చీటీ ఉన్న మెషీన్లని మాత్రం నువ్వు ఆపవచ్చు అని. తెలివైన పద్ధతే. అలాంటప్పుడు చీటీలు మార్చే అధికారం కూడా వాడికే ఇచ్చారనుకోండి, వాడు అసలు కొట్టు మెషీన్ మీద 'టెస్టింగ్' అని రాసేసి దర్జాగా ఆపేస్తాడు. చీటీ అక్కడ తాళంచెవి అయిపోయింది, దాన్ని ఎవరి చేతికిచ్చారో చూసుకోవాలి.

"ఒక గ్రూపులో ఉన్నవన్నీ ఒక చోటే ఉంటాయా తాతయ్యా?" అని అడగలేదేం ఇంకా? ఉండనక్కర్లేదు. అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్ల సముదాయాలున్నాయి. వాటిని రీజియన్లంటారు. హైదరాబాదులో మెషీన్లు, ముంబైలో బ్యాకప్పులు పెట్టుకున్నవాళ్లు అమెజాన్ గ్రూపులో రెండిటినీ కలిపి చూడలేరు. ఒక గ్రూపు ఒక రీజియన్‌కే. రెండు గ్రూపులు చేసుకోవాలి, లేదా కన్సోల్‌లోనే ఉన్న ట్యాగ్ ఎడిటర్‌లో రెండు రీజియన్లూ ఎంచుకుని వెతకాలి. ఆ ట్యాగ్ ఎడిటర్ నాకు నచ్చిన పనిముట్టు. చీటీ ఉన్నవీ లేనివీ పట్టికగా పరుస్తుంది, టిక్కులు పెట్టుకుంటూ పోయి అన్నిటికీ ఒకేసారి చీటీలు కట్టేయవచ్చు.

అజ్యూర్‌లో తిరకాసు ఇంకోలా ఉంటుంది. ఒక గ్రూపులో పుణె మెషీనూ చెన్నై డిస్కూ పక్కపక్కనే ఉండవచ్చు. అయినా గ్రూపు చేసేటప్పుడు దానికీ ఒక రీజియన్ చెప్పమంటుంది. గ్రూపుకి రీజియన్ ఎందుకంటే, లోపల ఏమేమున్నాయో రాసుకున్న చిట్టా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అది అక్కడ ఉంటుంది. ఆ రీజియన్ కాసేపు మూలపడితే మిగతా రీజియన్లలోని సరుకు పనిచేస్తూనే ఉంటుంది గానీ, దాన్ని మార్చడం మాత్రం కుదరదు.

ఇక మిగిలింది, పేరు తప్పుగా పెట్టేశాం, ఏం చేయాలి అన్నది. అమెజాన్‌లో బెంగ లేదు, ప్రశ్న చెరిపేసి కొత్త పేరుతో మళ్లీ రాసుకోవడమే. అజ్యూర్‌లో ఒకసారి పెట్టిన గ్రూపు పేరు మార్చలేరు. సరైన పేరుతో ఇంకో గ్రూపు చేసి సామానంతా అక్కడికి తరలించాలి. అన్ని రకాల రిసోర్సులూ తరలవు, ఏవి తరలుతాయో ముందే చూసుకోవాలి. తరలించేటప్పుడు పాత గ్రూపుకీ కొత్త గ్రూపుకీ రెండిటికీ తాళం పడుతుంది, ఒక్కోసారి నాలుగు గంటల దాకా. ఆ నాలుగు గంటలూ పచ్చళ్ల ఆర్డర్లు మామూలుగా వస్తూనే ఉంటాయి. ఆ గ్రూపుల్లో కొత్తగా ఏదైనా పెట్టాలన్నా, ఉన్నదాన్ని తీసేయాలన్నా మాత్రం తరలింపు అయ్యేదాకా ఆగాల్సిందే.